పంటిపోటు — ప్రాణాపాయము



నేను వైద్యుడను గాను. ముప్పది నాలుగేండ్లు బడిలో పిల్లలకు తెలుగును సంస్కృతమును బోధించి, ఉద్యోగవిరమణానంతరము ఇంటిపట్టున నుండి పాత పుస్తకములు చదువుకొనుచున్నవాడను. అట్టివానికి దంతవ్యాధులను గూర్చి ప్రసంగించు నధికారము ఎక్కడిదని మీరడుగవచ్చును. అది నాకు రెండు తావులనుండి వచ్చినది. ఒకటి సుశ్రుతసంహిత, రెండవది మా మేనత్తగారి మరణము. ఈ రెంటికిని గల సంబంధమును తెలిసికొనుటకు నాకు పండ్రెండేండ్లు పట్టినది. నేటి ప్రసంగము చరిత్రను గూర్చినదే. అయితే ఇందు రాజులు లేరు, రాజ్యములు లేవు. మనుష్యుడు తన నోటిలోని యొక చిన్న పంటిచేత ఎట్లు ప్రాణములు గోల్పోవుచుండెనో, ఆ యపాయమును గుర్తించుటను ఎంత ఆలస్యముగా నేర్చుకొనెనో, ఆ కథను మనవి చేసెదను.

ముందుగా మా యింటి మాట. 1967వ సంవత్సరము శ్రావణమాసము. నాకప్పుడు తొమ్మిదేండ్లు. మాది గోదావరి లంకలలోని చిన్న యూరు. మా నాన్నగారి అక్కగారు చిన్నతనముననే భర్తను గోల్పోయి మాతోడనే యుండెడివారు. నాకు అక్షరములు దిద్దించినది ఆమెయే. రాత్రివేళ భారతకథలు చెప్పి నిద్రపుచ్చినదియు ఆమెయే. ఆమెకు క్రింది దవడలో కుడివైపున చివరి పన్ను పుచ్చి పిప్పిపన్నై యుండెను. దానిని తీయించుకొమ్మని పట్టణపు వైద్యుడొకరు ఏడాది క్రిందటనే చెప్పిరి. ఆమె యొప్పుకొనలేదు. "పన్ను పీకిస్తే కన్ను పోతుందిట నాయనా!" అని భయపడెను. లవంగము పంటిక్రింద నుంచుకొని, ఉప్పునీళ్ళు పుక్కిలించి, కాలము గడుపుకొనివచ్చెను.

శ్రావణమున ఆ పోటు మరల వచ్చెను. మూడు రాత్రులు ఆమె కన్నుమూయలేదు. నాల్గవనాటి ఉదయమున నొప్పి ఉన్నట్టుండి తగ్గెను. ఇంటిల్లిపాదియు సంతోషించితిమి. "తగ్గిందిరా అబ్బాయీ, రాత్రికి కథ చెప్తాను" అని ఆమె నాతో ననెను. ఆ సాయంకాలమునకు దవడ క్రింద మెడ వాచి చెక్కవలె గట్టిపడెను. ఒడలు కాలిపోవుచుండెను. చొంగ కారుచుండెను గాని గుటక పడలేదు. మాట మారెను. వేడి యన్నపు ముద్దను నోటనుంచుకొని మాటలాడినట్లుండెను. పడుకొన్నచో ఊపిరి యాడదని గోడకానుకొని కూర్చుండెను. గోదావరి పొంగుమీద నుండుటచే ఆ రాత్రి పడవ కదలలేదు. తెల్లవారకమునుపే ఆమె మమ్ము విడిచిపోయెను. ఊరివారందరును గొంతువాపుచే పోయినదనిరి. పంటిమాట నెవ్వరును తలపెట్టలేదు. పంటినొప్పి అంతకు ముందే తగ్గిపోయినది కదా!

పండ్రెండేండ్లు గడచెను. నేను ప్రాచ్యకళాశాలలో చదువుచుంటిని. మా గురువుగారికి ఆయుర్వేద గ్రంథములయం దభిరుచి మెండు. వారి యాజ్ఞచే నేను సుశ్రుతసంహితలోని కొన్ని యధ్యాయములకు ప్రతి వ్రాయుచు నిదానస్థానమున పదునారవ యధ్యాయమునకు వచ్చితిని. అది ముఖరోగములను గూర్చిన యధ్యాయము. అందు 65 రోగములు లెక్కింపబడినవి. పెదవులకు 8, దంతమూలములకు 15, దంతములకు 8, నాలుకకు 5, తాలువునకు 9, కంఠమునకు 17, నోరంతయు వ్యాపించునవి 3. కంఠరోగముల నడుమ గలౌఘమను పేరొకటి గలదు. గొంతున పెద్ద వాపు పుట్టి, అన్నమును నీటిని దిగనీయక, తీవ్రజ్వరముతో కూడి, గాలి మార్గమును సయితము మూసివేయునని దాని లక్షణము. అచ్చట నా కలము నిలిచిపోయెను. ఆ మాటలలో మా మేనత్తగారు గోడకానుకొని కూర్చుండి యుండిరి.

వెంటనే చికిత్సాస్థానమున ముఖరోగముల చికిత్సను చెప్పు నిరువదిరెండవ యధ్యాయము తిరుగవేసితిని. గలౌఘమునకు చికిత్స యేమని వెదకితిని. అధ్యాయాంతమున వైద్యుడు విడిచిపెట్టవలసిన అసాధ్యరోగముల పట్టికయందు దాని పేరుండెను. ఆ యధ్యాయముననే మరియొక మాట కనబడెను. పై దంతము కదలుచున్నను దానిని పెరుకరాదనియు, పెరికినచో రక్తము మిక్కిలిగా స్రవించి, కన్ను పోవుట, మోము వంకరపోవుట మొదలగు ఘోరబాధలు గలుగుననియు అందు హెచ్చరిక యున్నది. మా మేనత్తగారి భయము సరిగా ఇదియే! గ్రంథము పై దంతమును గూర్చి చెప్పిన జాగ్రత్త మా యూరిలో పండ్లన్నిటికిని వ్యాపించి యుండెను. ఆ గ్రంథమే చెప్పిన గలౌఘ లక్షణము మాత్రము ఒక్కరికిని తెలియదు. భయము మిగిలినది, గుర్తు పోయినది. నాటినుండి ఈ విషయమును గూర్చి దొరకినదెల్ల చదువుచున్నాను.

ఆ పూర్వులను నేను తప్పుపట్టుటకై ఈ మాట చెప్పుటలేదు. వారి చూపు మిక్కిలి సూక్ష్మమైనది. నల్లబడి, రంధ్రము పడి, కదలుచు, స్రవించుచు, వాపుతో కూడి, కారణము లేకయే పోటు పెట్టు పంటికి సుశ్రుతుడు కృమిదంతకమని పేరు పెట్టెను. అది కదలుచున్నచో తీసివేసి ఆ చోటును కాల్చవలెననెను. దంతశంకువను శస్త్రమును ఆయన చెప్పిన యిరువది శస్త్రములలో చేర్చెను. అయితే కృమిదంతకము దంతరోగములలో నున్నది, గలౌఘము కంఠరోగములలో నున్నది. మొదటిదానినుండి రెండవదానికి పోవు త్రోవ యొకటి కలదని ప్రపంచమున కెరుకపడుటకు బహుకాలము పట్టినది.

పంటిని బాగుచేయవలెనను ప్రయత్నము అంతకంటెను పురాతనమైనది. నేడు పాకిస్థానములో జేరియున్న బలూచిస్థానమున మెహర్‌గఢ్ అను తావు గలదు. అచ్చటి శ్మశానమున దొరకిన తొమ్మిదిమంది అస్థిపంజరములలో పదునొకండు దవడపండ్లకు చెకుముకిరాతి బరమాతో చేసిన రంధ్రములుండెనని 2006లో పండితులు ప్రకటించిరి. అవి ఏడున్నర వేలనుండి తొమ్మిది వేల యేండ్ల నాటివి. బ్రదికియున్న మనుష్యుని నోటిలో రాతి బరమా త్రిప్పిరన్నమాట! ఆ నోరు తెరచి కూర్చున్న వాని యోర్పును తలచుకొన్నచో నాకు నేటికిని ఒడలు జలదరించును.

పుచ్చుటకు కారణమేమని యడిగిన, అన్ని దేశములవారును ఒక్కటే సమాధానము చెప్పిరి. పురుగు. బాబిలోనువారు మట్టిపలకలపై పంటిపురుగును పోగొట్టు మంత్రము వ్రాసికొనిరి. మనము కృమిదంతమంటిమి. నేటికిని మన పల్లెలలో పంటిలో పురుగు పడినదనియే యందురు. ఈ నమ్మకమును పరీక్షకు పెట్టినవాడు పియెర్ ఫొషార్డ్ అను ఫ్రెంచి దంతవైద్యుడు. ఆయన 1728లో రెండు సంపుటముల దంతవైద్య గ్రంథమును ప్రకటించుచు, పుచ్చుపండ్లను సూక్ష్మదర్శినితో జూచితిననియు, పురుగులు కనబడలేదనియు వ్రాసెను. అంతకుముందే 1683లో హాలండు దేశస్థుడు లీవెన్‌హుక్ తన పండ్లనడుమ పాచిని భూతద్దము క్రిందనుంచి, అందు కదలాడు సూక్ష్మప్రాణులను జూచి, లండను రాయల్ సొసైటీకి లేఖ వ్రాసియుండెను. ఈ రెంటిని కలిపి యర్థము చెప్పినవాడు విల్లొబి మిల్లరు. అమెరికాలో బుట్టి బెర్లినులో పనిచేసిన యీ పండితుడు 1890లో ప్రకటించిన గ్రంథమున, నోటిలోని సూక్ష్మజీవులు తీపిని పిండిపదార్థములను పులియజేయుననియు, ఆ పులుపు పంటిని కరిగించుననియు నిరూపించెను. కాబట్టి మనవారి పురుగుమాట పూర్తిగా అబద్ధమును గాదు. పురుగున్నది. అది కంటికి కనబడనంత చిన్నది.

ఇప్పుడు మా మేనత్తగారికి జరిగినదేమో చెప్పవచ్చును. పంటినడుమ నరములును రక్తనాళములును గల మెత్తని భాగముండును. సూక్ష్మజీవులు అచ్చటికి చేరినప్పుడు పోటు పుట్టును. గట్టి గోడల నడుమ వాచుటకు చోటు లేకపోవుటచేతనే ఆ పోటు అంత దుస్సహము. కొన్ని దినములకు ఆ భాగము చచ్చిపోవును. అప్పుడు నొప్పి హఠాత్తుగా తగ్గును. ఇంటివారు సంతోషింతురు. కాని సూక్ష్మజీవులు చావలేదు. అవి వేరు కొననుండి ఎముకలోనికి, ఎముకనుండి కండలోనికి త్రోవ జేసికొనును. క్రింది దవడ లోపలివైపున పలుచని కండరమొకటి నోటికి నేలవలె పరచుకొని యున్నది. చివరి రెండు దవడపండ్ల వేళ్ళు సామాన్యముగా ఆ కండరము క్రిందికి దిగియుండును. అందుచే ఆ పండ్ల చీము నోటిలోనికి రాక మెడలోనికి దిగును. వాపు నాలుకను పైకెత్తి వెనుకకు త్రోసి ఊపిరిత్రోవను మూయును. నొప్పి తగ్గిన దినమే అపాయము మొదలైన దినము కావచ్చును. ఈ చరిత్రయంతటిలోను మనుష్యులను మోసపుచ్చినది ఈ యొక్క విషయమే.

ఈ వ్యాధిని ఐరోపాలో స్పష్టముగా వర్ణించినవాడు జర్మనీ దేశమున స్టుట్‌గార్టు పట్టణపు వైద్యుడు విల్హెల్ము ఫ్రెడ్రిక్ ఫన్ లుడ్విగ్. అది 1836. నేటికిని వైద్యులు దానిని లుడ్విగ్ పేరుతోనే పిలుతురు. మెడ కొయ్యవలె గట్టిపడుట, నాలుక లేచుట, మ్రింగుడు పడకపోవుట, ఊపిరి యాడకపోవుట ఆయన చెప్పిన గుర్తులు. సుశ్రుతుని గలౌఘమును దీని ప్రక్కనుంచి చదివినచో ఇద్దరును ఒకే రోగి మంచము చెంత కూర్చుండి వ్రాసిరేమో యనిపించును. లండను నగరమున పదునేడవ శతాబ్దిని వారము వారము అచ్చువేసిన మరణముల పట్టికలలో కారణముల వరుసయందు పండ్లు అను నొక పద్దు నిత్యముగా నుండెడిది. అందు పండ్లు మొలచు పసిబిడ్డల మరణములును జేరియున్నవి గావున అన్నియు మనము చెప్పుకొనుచున్న రోగమే యనరాదు. అయినను పంటిచేత ప్రాణము పోవుట ఆనాటివారికి వింత గాదని దానివలన తెలియును.

మరి ఆ పంటిని ముందే తీయించుకొనక జనులేల యాలసించిరి? భయముచేత. ఐరోపాలో పండ్లు పీకువారు మంగళ్ళు, సంతలలో తిరుగు గారడివారు. బిగ్గరగా డోలు వాయించి రోగి యరపులు వినబడకుండ చేసెడివారు. ఈ భయమును తీర్చిన కీర్తి దంతవైద్యులదే యని చాలమందికి తెలియదు. 1844 డిశంబరు 10వ తేదీని అమెరికాలో హార్ట్‌ఫర్డు పట్టణమున నవ్వించు వాయువును జూపు వినోదప్రదర్శన మొకటి జరిగెను. ఆ వాయువును పీల్చినవాడొకడు కాలికి గాయమైనను నొప్పి యెరుగకుండుటను హోరేసు వెల్సు అను దంతవైద్యుడు కనిపెట్టెను. మరునాడే తాను దానిని పీల్చి తన దవడపన్ను నొకదానిని తోడి వైద్యునిచేత తీయించుకొనెను. నొప్పి తెలియలేదు. మరుసటి నెలలో బోస్టనులో పెద్దల యెదుట పరీక్ష చూపగా, వాయువు చాలక రోగి కేకవేసెను. చూడవచ్చినవారు వెల్సును పరిహసించిరి. ఆతని శిష్యుడు మోర్టను 1846 సెప్టెంబరు 30వ తేదీని ఈథరుతో ఒకని పన్ను నొప్పిలేకుండ తీసి, అక్టోబరు 16వ తేదీని బోస్టను ఆసుపత్రిలో పెద్ద శస్త్రచికిత్సకే దానిని వినియోగించి విఖ్యాతి గాంచెను. వెల్సు మాత్రము మనసు విరిగి 1848లో ఆత్మహత్య చేసికొనెను. ప్రపంచమున నేడు శస్త్రచికిత్స చేయించుకొను ప్రతి రోగియు ఆ పరిహాసపాత్రునికి ఋణపడియున్నాడు.

ఇచ్చట మన హైదరాబాదు పేరును స్మరింపవలసియున్నది. 1847నుండి వాడుకలోనికి వచ్చిన క్లోరోఫారము చిన్న చికిత్సలలో సయితము, పన్ను తీయునప్పుడు గూడ, ఒక్కొక్కప్పుడు ప్రాణము దీయుచుండెను. ఇది యేల జరుగుచున్నదో విచారించుటకు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ధనసహాయముతో, ఎడ్వర్డు లారీ వైద్యుని పూనికచే, 1888లోను 1889లోను హైదరాబాదున రెండు విచారణసంఘములు పనిచేసెను. రెండవదానికి ఇంగ్లండునుండి లాడర్ బ్రంటన్ అను వైద్యవిద్వాంసుడు వచ్చెను. ఊపిరియే ముందాగును గావున ఊపిరిని కనిపెట్టియుండుడని వారు నిర్ణయించిరి. 1911లో లెవీ అను వైద్యుడు గుండెయు నాకస్మికముగా లయతప్పి నిలిచిపోవచ్చునని చూపి ఆ నిర్ణయమును సవరించెను. తరువాత రోగికి స్మారకము పోగొట్టక పంటిచోటును మాత్రమే మొద్దుబరచు సూదిమందులు వచ్చినవి. 1884లో కొకేను, 1905 ప్రాంతమున నొవొకేను, 1943లో స్వీడను దేశమున లిడొకేను. నేడు పన్ను తీయునప్పుడు రోగి కన్నులు తెరచి మాట వినుచునే యుండును.

నొప్పి జయింపబడినది. మెడవాపు మాత్రము అసాధ్యముగనే యుండెను. చీమునకు దారి చేయుట, ఊపిరికై మెడలో రంధ్రము చేయుట తప్ప వేరు గతి లేదు. ఆ దినములలో ఈ వ్యాధి సోకినవారిలో సగమునకు పైగా మరణించెడివారు. 1928లో ఫ్లెమింగు పెనిసిలినును కనుగొనెను. 1940 మొదలు ఆక్స్‌ఫర్డులో ఫ్లోరీ, చైను మున్నగువారు దానిని మందుగా రూపొందించిరి. ఆ మందుల రాకతోడను, ఊపిరిత్రోవను కాపాడు నేర్పుతోడను మరణములు నూటికి పదికి లోబడినవి. సుశ్రుతుడు విడిచిపెట్టుమన్న రోగము సాధ్యరోగమయ్యెను. కాని ఒక నియమము గలదు. రోగి వేళకు చేరవలెను. మందు మాత్రమే చాలదు. చీము వెలువడవలెను, దానికి మూలమైన పంటిని బాగుచేయుటయో తీయుటయో జరుగవలెను. మందు మ్రింగి వాపు తగ్గినదని పంటిని విడిచిపెట్టువారు అగ్గిని బూడిదతో కప్పినవారే.

మన దేశమున దంతవైద్య విద్యకు పునాది వేసినవారు రఫీయుద్దీన్ అహమదు. అమెరికాలో చదివివచ్చి 1920లో కలకత్తాలో మొదటి దంతవైద్య కళాశాలను నెలకొల్పిరి. 1948లో దంతవైద్యుల చట్టము వచ్చెను. 1959లో హైదరాబాదున ప్రభుత్వ దంతవైద్య కళాశాల యేర్పడెను. ఈ తేదీలను చదివినప్పుడెల్ల నేను లెక్క వేసికొందును. 1967 నాటికి పెనిసిలినుండెను, సూదిమందుండెను, కళాశాలయుండెను. మా మేనత్తగారికిని వానికిని నడుమ నిలిచినవి గోదావరి పొంగును, రెండు తప్పు నమ్మకములును. ఒకటి పన్ను తీసిన కన్ను పోవుననుట. రెండవది నొప్పి తగ్గిన రోగము తగ్గుననుట. పొంగు మన చేతిలోనిది కాదు. ఆమెకు పన్ను తీయించుకొనుటకు ఏడాది గడువుండెను గదా!

తప్పు నమ్మకములు పల్లెటూరి స్త్రీలకే యుండునని యెవరైన ననుకొన్నచో, నా కథ వినుడు. 1992 ప్రాంతమున మా బడి యావరణలో పిల్లలు చెడుగుడు ఆడుచుండగా పండ్రెండేండ్ల బాలుని ముందుపన్ను వేరుతో సహా ఊడి మట్టిలో పడెను. నేను రక్తమును తుడిచి, ఆ పంటిని కాగితమున చుట్టి వాని చేతికిచ్చి, ఇంటికి పోయి కప్పుమీద వేయుమంటిని. పాలపండ్లను కప్పుమీద వేయు ఆచారము నాకు గుర్తువచ్చినది. అది పాలపన్ను కాదు, మరల మొలచునది కాదు అను నాలోచన రాలేదు. వాడు పెరిగి పెద్దవాడై నేటికిని కట్టుడుపంటితోనే నన్ను పలుకరించి నవ్వును. వాని నవ్వు చూచినప్పుడెల్ల నాకు తలవంపుగా నుండును.

ఏలయన, ఊడిన పంటిని మరల నాటవచ్చునని వెయ్యేండ్ల క్రిందటనే స్పెయినులోని యరబ్బు వైద్యుడు అబుల్ కాసిం అల్ జహ్రావీ వ్రాసియుండెను. 1966లో డెన్మార్కు దేశమున ఆండ్రియాసన్ అను వైద్యుడు తన తోటివానితో గూడి, అట్లు నాటబడిన 110 పండ్లను పరీక్షించి ఫలితములు ప్రకటించెను. అరగంటలోపల నాటినవానిలో నూటికి తొంబదింటి వేళ్ళు కరిగిపోక నిలిచెను. ఆలస్యమైన కొలది నష్టమెక్కువ. వేరుమీద సజీవమైన సన్నని పొరయొకటి యుండును. అది ఎండినచో చచ్చును. 1980 దరిదాపుల స్వీడను వైద్యులు ఆ పొరను కొన్ని గంటలు బ్రదికించుటకు పాలు మంచివని నిరూపించిరి. కాగితమున చుట్టి ఎండబెట్టిన నాకు, మా బడి ప్రక్క కాఫీదుకాణములో గిన్నెడు పాలు దొరకకపోవునా?

కాబట్టి ఈ చరిత్ర మనకు మిగిల్చిన గుర్తులను కొన్నిటిని చెప్పి ముగించెదను. వీలున్నవారు వ్రాసికొనుడు.

పంటినొప్పితో గాని, నొప్పి తగ్గిన పిమ్మట గాని, వాపు దవడ క్రిందికి మెడవైపునకు దిగినను, పైపంటి వాపు కంటివరకు ప్రాకినను, నోరు తెరువరాకున్నను, గుటక పడక చొంగ కారినను, మాట మారినను, నాలుక పైకి లేచినను, జ్వరముతో ఊపిరి బరువైనను అది తెల్లవారువరకు ఆగవలసిన రోగము కాదు. పెద్ద ఆసుపత్రికి తక్షణము పోవలెను. రోగిని వెల్లకిల పరుండబెట్టరాదు. కూర్చుండబెట్టియే తీసికొనిపోవలెను. వాపుమీద వేడి కాపడము పెట్టరాదు. లవంగనూనె నరమును కొంతసేపు మొద్దుబరచును, అంతియే. చీమును మాన్పజాలదు. నొప్పిమాత్రను చిగురుమీద నుంచినచో చిగురు కాలును.

ఊడిన పన్ను శాశ్వతదంతమైనచో, వేరును ముట్టక పైభాగమునందు పట్టుకొనవలెను. మట్టి యంటినచో పాలతోనో మంచినీటితోనో ఒక్క క్షణము తడిపి కడుగవలెను. రుద్దరాదు. రోగి తెలివితో నున్నచో దానిని దాని గుంటలోనే యుంచి మెత్తని గుడ్డను కరచిపట్టించి, దంతవైద్యుని కడకు పరుగెత్తవలెను. అది కుదరనిచో పాలలో వేసి తీసికొనిపోవలెను. పాలపన్నును మాత్రము మరల గుంటలో పెట్టరాదు. అది క్రింద నెదుగుచున్న పంటికి హాని చేయును.

పన్ను తీయించుకొన్న చోట రక్తము నిలువనిచో, శుభ్రమైన గుడ్డను మడచి ఆ చోటనుంచి, నడుమ తీసి చూడక, ఇరువది నిమిషములు గట్టిగా కరచిపట్టవలెను. మాటిమాటికి పుక్కిలించి యుమిసినచో గడ్డకట్టిన రక్తము విడిపోయి మరల కారును. అప్పటికిని ఆగకున్నను, రక్తమును పలుచబరచు మందులు వాడువారైనను వైద్యుని చూడవలెను. పెద్దవయసువారికి నడచినప్పుడు క్రింది దవడలో నొప్పి వచ్చి, నిలిచినప్పుడు తగ్గుచున్నచో, అది పంటిది కాక గుండెది కావచ్చును. దానిని దంతవైద్యుని వాకిట వెదకుచు కాలము పోగొట్టరాదు.

పై పన్ను తీసిన కన్ను పోవునను భయమును విడువుడు. రక్తస్రావమును నిలుపు ఉపాయములు చాలని కాలమున వ్రాసిన జాగ్రత్త అది. నేడు పై పండ్లను ప్రతిదినమును వేలకొలది జనులు క్షేమముగా తీయించుకొనుచున్నారు. గ్రంథమును గౌరవించుటయనగా అందలి చూపును నేర్చుకొనుట. గలౌఘమును అంత సరిగా గుర్తించిన ఆ మహానుభావుడు నేడున్నచో, రోగిని విడిచిపెట్టుమని చెప్పక తానే ముందు బండి కట్టించియుండును.

మా యూరికి నేడు వంతెన వచ్చినది. 2005లో మన రాష్ట్రమున మొదలైన 108 వాహనము పిలిచిన వచ్చును. పడవకై ఎదురుచూడ నక్కరలేదు. ఇక కావలసినది ఇంటిలో ఒక్కరికైన ఈ గుర్తులు తెలిసియుండుట. ఆ రాత్రి కథ చెప్పెదనన్న మా మేనత్తగారు చెప్పకయే పోయిరి. ఆమె కథను ఇన్నాళ్ళకు నేను మీకు చెప్పితిని. మీ యింటి పెద్దలకెవరికైన పంటిపోటు తగ్గి మెడ వాచినచో, ఈ కథ జ్ఞప్తికి తెచ్చుకొని, తెల్లవారుటకై ఆగకుందురు గాక!